చెరిపి వ్రాసెడి లెక్క, చెరపరాని లెక్క

మన సంఘముల కార్యాలయములలో చిట్టా, ఆవర్జా పుస్తకములు ఇప్పుడు చాలవరకు అటకయెక్కినవి. నూలు ఇచ్చినను, చీర తీసికొనినను, మజూరీ చెల్లించినను గుమాస్తా కంప్యూటరులోనే పద్దు వేయుచున్నాడు. ఇందువలన పని తేలికయైనది. కూడికలలో తప్పులు తగ్గినవి. అయితే దీనితోపాటు మనవారిలో ఒక నమ్మకము కూడ బయలుదేరినది. లెక్కలన్నియు ఒక పెట్టెలో చేరినవి గనుక ఏ ప్రశ్న అడిగినను ఆ పెట్టె సరియైన జవాబు చెప్పితీరునని తలచుచున్నారు. ఈ నమ్మకమువలన నేతకారులు నష్టపడిన సందర్భమొకటి నేనెరుగుదును. దానిని ఈ వ్యాసములోనే తరువాత చెప్పెదను. అంతకుముందు లెక్కల నిలువలో గల రెండు తెగలను తెలిసికొనవలెను.

పెద్ద వ్యాపారస్థులు వీటికి ఇంగ్లీషు పేర్లు పెట్టినారు. మొదటిది ఆపరేషనల్ డేటా స్టోర్. రెండవది డేటా వేర్‌హౌస్. డేటా అనగా లెక్కలును, వాటికి సంబంధించిన వివరములును. స్టోరన్నను వేర్‌హౌసన్నను సరకు దాచెడి చోటే గనుక పేరు వినినంతమాత్రమున తేడా బోధపడదు. అందువలన ఈ పాఠములో మొదటిదానిని పలక అనియు, రెండవదానిని గిడ్డంగి అనియు వ్యవహరింతము.

పలక అనుటకు కారణమున్నది. వెనుకటి నూలు దుకాణములు చూచిన పెద్దలకు జ్ఞాపకముండును. జరిగినదెల్ల జరిగిన వరుసలో చిట్టాకెక్కెడిది. చిట్టాలోనుండి ఆసామీ పేరున, సరకు పేరున విడదీసి ఆవర్జాలోనికి ఎత్తి వ్రాసెడివారు. ఇవి రెండును గాక గల్లాపెట్టె వెనుక గోడకు ఒక నల్లపలక వ్రేలాడుచుండెడిది. 40 నంబరు నూలు ఇన్ని కట్టలు, 60 నంబరు ఇన్ని కట్టలు, నేటి ధర ఇంత అని దానిమీద సుద్దతో వ్రాసియుండును. ఒక కట్ట అమ్మిన వెంటనే అంకె తుడిచి క్రొత్త అంకె వేయుదురు. ప్రాత అంకె పోయినదని ఎవరును విచారింపరు. తుడవకపోయినయెడల ఆ పలక అబద్ధమాడును! ఆవర్జా సంగతి వేరు. అందులో ఒక అంకె తుడిచినచో ఆ పుస్తకమే అబద్ధమగును. సంవత్సరాంతమున దానిని ఎఱ్ఱగుడ్డలో చుట్టి పెట్టెలో భద్రపరచెడివారు.

కంప్యూటరు లోకములో ఈ తేడాను శాస్త్రముగా వివరించినవారిలో అమెరికా దేశీయుడైన బిల్ ఇన్మన్ ముఖ్యుడు. అంతకుముందే 1988లో ఐ.బి.ఎం. కంపెనీకి చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ అనువారు వ్యాపార వివరములకు ప్రత్యేకమైన గిడ్డంగి ఎట్లు కట్టవలెనో తమ కంపెనీ పత్రికలో వ్రాసియుండిరి. ఇన్మన్ 1992లో గిడ్డంగినిగూర్చి ఒక పుస్తకమే ప్రకటించెను. ఆయన చెప్పిన లక్షణములు నాలుగు. గిడ్డంగిలోని లెక్కలు విషయమునుబట్టి అమర్చబడవలెను, అనగా ఏ బల్లవద్ద వ్రాసిరన్న వరుసలో గాక నేతకారుడు, చీర, కొనుగోలుదారు అను వరుసలో ఉండవలెను. పలుచోట్లనుండి వచ్చినవి ఒకే భాషలోనికి, ఒకే కొలతలోనికి మారవలెను. ప్రతిదానికి కాలము గుర్తుండవలెను. ఒకసారి చేరినది మారరాదు. 1990ల నడుమ ఆయనయే పలకను గురించి కూడ వ్రాసినాడు. మొదటి రెండు లక్షణములును దానికిని చెల్లును. చివరి రెండును తలక్రిందులగును. పలకలో ఇప్పటి విలువయే ఉండును, అది మారుచునే ఉండును.

మొదటి రెండు లక్షణములు వినుటకు చిన్నవిగాని పని అంతయు వాటిలోనే ఉన్నది. సేలములో ప్రధాన కార్యాలయము, బెంగుళూరు, షోలాపురములలో అమ్మకపు డిపోలు గల ఒక సంఘమును ఊహించుకొందము. నూలు లెక్కకు ఒక ప్రోగ్రాము, మజూరీ లెక్కకు మరియొకటి, డిపోలలో బిల్లులకు వేరొకటి. సేలములో అరక్కు అని వ్రాసిన రంగును బెంగుళూరు గుమాస్తా మెరూన్ అని వ్రాయును. షోలాపురములో చీర పొడవు వారలలో చెప్పుదురు. 9 వారల చీర అన్నచో 8.23 మీటర్లు. సేలములో మీటర్లలో తప్ప వ్రాయరు. ఒకే చీరకు మూడుచోట్ల మూడు కోడ్ నంబర్లు. ఇట్టి స్థితిలో మూడు ప్రోగ్రాములను కలిపి కూడినను వచ్చెడి మొత్తమునకు అర్థములేదు. రంగుల పేర్లకు ఒక పట్టిక, కొలతకు ఒక నియమము, చీరకు ఒకే నంబరు ఏర్పరచిన తరువాతనే పలకయైనను గిడ్డంగియైనను నిలుచును. ఇది యంత్రము చేయు పని కాదు. రంగులు తెలిసిన ముసలి గుమాస్తాయు, డిపో మేనేజరును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనవలసిన పని. కంప్యూటరు అమ్మువారు ఈ మాట చెప్పరు; చెప్పినచో బేరము ఆలస్యమగును గదా.

ఇక పలక ఉపయోగము చూడుడు. ఉదయము 10 గంటలకు కోయంబత్తూరు వర్తకుడొకడు ఫోనుచేసి, అడుగు అంచు గల అరక్కు చీరలు 60 కావలెనని అడుగును. సేలములో 46, బెంగుళూరులో 21, షోలాపురములో 15 ఉన్నవి. పలక ఉన్న సంఘము వెంటనే మొత్తము 82 అని చూచి ఒప్పుకొనును. పంపిన తరువాత పలకమీద 22 మిగులును. పలక లేని సంఘము మూడుచోట్లకు ఫోనుచేసి సాయంకాలమునకు జవాబు చెప్పును. అప్పటికి ఆ వర్తకుడు మరియొకరితో మాట ముగించుకొనును.

చేనేతకు పలక మరింత అవసరమగుటకు వేరొక కారణము గలదు. మిల్లు బట్ట ఒక రకము వేలకొలది ఉండును. ఒకటి అమ్ముడుపోయినను దానివంటిది మరియొకటి దొరకును. మన మంచి చీరలలో ఒక్కొక్కటి ఒంటి చీర. దాని ఛాయాచిత్రము ఇంటర్నెట్ అంగడిలో పెట్టినప్పుడు డిపోలో ఒకరు, ఇంటివద్దనుండి మరియొకరు అదే చీరకు డబ్బు కట్టు ప్రమాదమున్నది. తరువాత ఒకరికి డబ్బు తిరిగి ఇచ్చి క్షమాపణ చెప్పవలసివచ్చును. కాబట్టి పలకలోని అంకె ఎంత త్వరగా మారవలెనన్నది వ్యాపారమునుబట్టి ఉండును. ఇన్మన్ కూడ పలకలలో తరగతులు చెప్పినాడు. కొన్ని క్షణములలో మారునది ఒకటి, కొన్ని గంటలకొకసారి మారునది ఒకటి, రాత్రికి ఒకసారి మారునది ఒకటి. గిడ్డంగిలో తేల్చిన ఫలితమును తిరిగి తెచ్చి పలకమీద చూపునది నాలుగవది. ఒంటి చీరలకు మొదటి తరగతి కావలెను. నూలు నిలువకు రాత్రికొకసారి మార్చినను చాలును. అన్నింటికిని మొదటి తరగతి కావలెనని పట్టుపట్టినచో వ్యర్థముగా డబ్బు పోవును.

ఇంత ఉపయోగకరమైన పలకను పోయిన నెల 14వ తేదీన అరక్కు చీరలు ఎన్ని ఉండెనని అడిగి చూడుడు. దానికి తెలియదు. తెలియకపోవుట దాని దోషము కాదు, మనమే తుడిచితిమి. అయిదేండ్లుగా ఉగాదికి ముందు బెంగుళూరులో ఏ రంగు కదలినది, ఏ రంగు రాయితీ అమ్మకమువరకు మిగిలినది, ఏ రకపు నేతలో మజూరీ పెరిగినకొలది పని పెరిగినది, ఎక్కడ పెరుగలేదు అను ప్రశ్నలు గిడ్డంగిని అడుగవలసినవి.

కాలము గుర్తుతో దాచిన లెక్క ఏమి చెప్పగలదో మన వృత్తిలోనే పెద్ద ఉదాహరణమున్నది. 1995-96 చేనేత గణనలో నేతలోను, దాని అనుబంధ పనులలోను ఉన్నవారు 65.5 లక్షలు. 2009-10 గణనలో 43.31 లక్షలు. 2019-20 నాటి నాలుగవ గణనలో 35.22 లక్షలు. ఇందులో చివరి అంకె ఒక్కటే చేతిలో ఉన్నచో అది ఒక పెద్ద సంఖ్య. దేశములో ఇంతమంది ఉన్నారని సంతోషింపవచ్చును కూడ. మూడు అంకెలు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడే పావు శతాబ్దములో ఎందరు మగ్గము దిగిపోయిరో తెలియుచున్నది. క్రొత్త గణన వచ్చినప్పుడు ప్రాతదానిని తుడిచియుండినచో, మన కష్టము చెప్పుకొనుటకు మనకే ఆధారము లేకపోయెడిది.

వ్యాపారములో గిడ్డంగి చేసిన పనికి అమెరికాలోని వాల్‌మార్ట్ దుకాణముల కథ ప్రసిద్ధమైనది. 2004 ఆగస్టులో చార్లీ అను తుపాను ఫ్లారిడా రాష్ట్రమును కొట్టినది. కొన్ని వారములకే ఫ్రాన్సెస్ అను మరియొక తుపాను అదే వైపు వచ్చుచుండెను. బరంపురము వారికి, యానాం వారికి తుపాను ముందు అంగడి ఎట్లుండునో చెప్పనక్కరలేదు. దీపములు, బ్యాటరీలు, నీళ్లు కొందురని ఎవరైనను ఊహింపగలరు. ఆ కంపెనీవారు ఊహతో ఆగక, చార్లీ తుపానుకు ముందు తమ దుకాణములలో ఏది ఎంత అమ్ముడైనదో గిడ్డంగిలో వెదకించిరి. స్ట్రాబెర్రీ పాప్‌టార్టు అను తీపి తినుబండారము మామూలుకన్న ఏడు రెట్లు పోయినదనియు, అన్నిటికన్న ఎక్కువగా అమ్ముడైనది బీరు అనియు తేలినది. ఆ సరకును లారీలకెత్తించి తుపాను దారిలోని దుకాణములకు ముందే పంపిరి. అప్పటికే వారి గిడ్డంగిలో 460 టెరాబైట్ల లెక్కలున్నవని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ సంవత్సరము నవంబరులో వ్రాసినది.

ఈ కథ చెప్పువారు సాధారణముగా ఇక్కడితో ఆపివేయుదురు. నాకు మాత్రము ఆ లారీలమీదనే దృష్టి. ఏ సరకు పంపవలెనో గిడ్డంగి చెప్పినది. ఏ దుకాణమున ఈ పూట ఎన్ని మిగిలియున్నవి, ఏ లారీ ఎక్కడ ఎన్ని దింపవలెను అన్నది గిడ్డంగికి తెలియదు. దానికి ఆ గడియ నిలువ చూపు లెక్క కావలెను. రెండును వేర్వేరుగా ఉండి ఒకదానికొకటి అందినప్పుడే సరకు వేళకు చేరును.

రెండును ఒకే యంత్రములో, ఒకే పట్టికలో పెట్టరాదా అని అడుగవచ్చును. దీపావళికి ముందు దినము డిపోలో జనము నిలిచియుండగా, కార్యదర్శి తన గదిలో కూర్చుండి అయిదేండ్ల బిల్లులన్నియు కూడి చూపుమని అదే యంత్రమును అడిగినచో, యంత్రము ఆ లక్షల పద్దులు చదువుచు బిల్లు బల్లను ఆపివేయును. ఇది చిన్న ఇబ్బంది. ఇప్పుడు యంత్రముల శక్తి పెరిగినది. రెండు పనులును ఒకచోటనే చేయగలమను కంపెనీలును వచ్చినవి. పెద్ద ఇబ్బంది వేరు. తుడుచుటకు అలవాటుపడిన పట్టికలో చరిత్రను నమ్ముకొనుట అన్నిటికన్న ప్రమాదము. మొదట చెప్పెదనన్న సందర్భము ఇదియే.

నేను మజూరీ గుమాస్తాగా పనిచేసిన ఒక సంఘములో ప్రతి సభ్యునికి ఒక వరుస ఉండెడిది: పేరు, నేత తరగతి, ఆ సంవత్సరము నేసిన చీరల సంఖ్య. తరగతికి మజూరీ రేటు వేరొక పట్టికలో. నెలనెల మజూరీ సరిగానే చెల్లుచుండెను, ఏలయనగా ఆ నెలలో ఉన్న తరగతి ఆ నెలకు నిజమే. మా సభ్యురాలొకామె జాకార్డుమీద బుటా చీరలు నేసెడిది. ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు నెలకు 4 చొప్పున 36 చీరలు, చీరకు 1,800 రూపాయలు. తరువాత కంటిచూపు మందగించి జనవరినుండి సాదా చీరలకు మారినది; మూడు నెలలలో 24 చీరలు, చీరకు 600 రూపాయలు. జనవరిలో నేనే ఆమె తరగతిని జాకార్డు తీసి సాదా అని దిద్దితిని. ఆనాటికి అది సరియైన పనియే.

మార్చి ముగిసిన తరువాత సంవత్సరపు మజూరీమీద నూటికి 8 చొప్పున బోనసు లెక్కకట్టిరి. ప్రోగ్రాము 60 చీరలను చూచినది, సాదా తరగతిని చూచినది, 60ని 600తో గుణించినది: 36,000 రూపాయలు. బోనసు 2,880. ఆమె చీటీ పట్టుకొని వచ్చి తక్కువగా ఉన్నదనినది. మా మేనేజరు, "కంప్యూటరు తప్పు చెప్పదమ్మా" అనిరి. ఆమె నావైపు తిరిగి, "బాబూ, తొమ్మిది నెలలు నేను నేసినవి బుటా చీరలు కావా?" అని అడిగినది. నా నోట మాట రాలేదు. దిద్దినది నా చేయియే.

ఆమెవద్ద పాసుపుస్తకము ఉండెను. అందులో ప్రతి నెల పద్దు చేతితో వ్రాసియున్నది. 64,800, 14,400, మొత్తము 79,200 రూపాయలు. బోనసు 6,336 రావలెను. తక్కువపడినది 3,456. సంఘము ఆ మొత్తము చెల్లించినది. కాని అటువంటివారు మరెవరైనను ఉన్నారా అని వెదకగా, ఆ యేడు తరగతి మారిన సభ్యులు ఇంకను కొందరు బయటపడిరి. ఇద్దరు పాసుపుస్తకము పోగొట్టుకొనిరి. నెలవారీ మజూరీ చీటీలు ఆడిటు కాగానే పాత కాగితములలో పోయినవి. వారు ఏ నెలవరకు ఏ రకము నేసిరో చెప్పు ఆధారము కార్యాలయములో ఎక్కడను లేకపోయినది. వారి లెక్క నేటివరకు తేలలేదు.

కంప్యూటరు కూడికలో తప్పు చేయలేదు. అది పలక, ఇప్పుడు ఈమె ఏ తరగతి అన్న ప్రశ్నకు జవాబు చెప్పినది. మేము అడుగవలసిన ప్రశ్న, చీర దించిన దినమున ఏ తరగతి అని. దానికి గిడ్డంగి కావలెను, మావద్ద లేదు.

గిడ్డంగిలో ఇట్టి మార్పును ఎట్లు వ్రాయుదురో చెప్పుట సులభము. రాల్ఫ్ కింబల్ అను మరియొక నిపుణుడు 1996లో వ్రాసిన పుస్తకములో దీనికి పద్ధతులు చూపినాడు. మెల్లగా మారు వివరములు, అనగా చిరునామా, తరగతి, రేటు వంటివి మారినప్పుడు ప్రాత వరుసమీద క్రొత్తది వ్రాయుట ఒక పద్ధతి. చరిత్ర అక్కరలేనిచోట మాత్రమే అది తగును. ప్రాత వరుసను ముగింపు తేదీతో మూసి, క్రొత్త వరుసను ప్రారంభ తేదీతో తెరచుట రెండవ పద్ధతి. మా సభ్యురాలికి రెండు వరుసలుండెడివి: ఏప్రిల్ 1 నుండి డిసెంబరు 31 వరకు జాకార్డు, 1,800, జనవరి 1 నుండి సాదా, 600. ప్రతి చీరయు తాను మగ్గమునుండి దిగిన తేదీనిబట్టి తన వరుసను తాను వెదకికొనును. రేటు పెంచినప్పుడును ఇదే విధానము. ఏప్రిల్‌లో పెరిగిన రేటు మార్చి చీరలకు అంటదు, మార్చి రేటు ఏప్రిల్ చీరలను పట్టుకొని వ్రేలాడదు.

గిడ్డంగిలోనికే తప్పు పద్దు చేరినచో ఏమి చేయవలెనన్న సందేహము రావచ్చును. మన చిట్టా వ్రాసినవారు చేసినదే చేయవలెను. కొట్టివేత లేదు, గీకుట లేదు. తప్పును తిరుగుపద్దుతో రద్దుపరచి సరియైన పద్దు వేయుదురు. తప్పు జరిగినదనియు, ఎప్పుడు సరిదిద్దిరనియు రెండును కనబడును.

బ్యాకప్ తీయుచున్నాము గదా, అదే గిడ్డంగి గదా అని కొందరు సంఘములవారు అనుట విన్నాను. బ్యాకప్ అనగా యంత్రము పాడైనచో తిరిగి నిలబెట్టుటకు తీసిన నకలు. వారము తిరుగగానే క్రొత్త నకలు ప్రాత నకలుమీద పడును. అందులో వెదకుటకును వీలుండదు. రెండును కావలెను.

వ్యయము సంగతి. పెద్ద కంపెనీలవారు గిడ్డంగులను ఇప్పుడు అద్దెకు తీసికొనుచున్నారు. అమెజాన్ రెడ్‌షిఫ్ట్, గూగుల్ బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్ వంటివి వాడుకొన్నమేరకు బాడుగ పుచ్చుకొనును. రెండువందల మగ్గముల సంఘమునకు అంత పని లేదు. ప్రతి నెల చివరి రాత్రి నాలుగు పట్టికలు, అనగా సభ్యుల తరగతులు, మజూరీ రేట్లు, చీరల దిగుబడి, డిపోల నిలువ, ఆ నెల పేరుతో వేరొక ఫైలులోనికి నకలు తీసి పెట్టినచో అదియే మొదటి గిడ్డంగి. దానికి ఒక సాధారణ కంప్యూటరు చాలును. నకలు తీయుటకు ముందు రంగుల పట్టిక, చీర నంబర్లు ఒకటిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. లేనియెడల పన్నెండు నెలల తరువాత పన్నెండు భాషలలో లెక్కలుండును. నెలమధ్యలో తరగతిగాని రేటుగాని మారినచో, ఆ తేదీ వ్రాయనిదే ప్రోగ్రాము మార్పును ఒప్పుకొనకుండునట్లు చేయించుకొనవలెను. ఇది ప్రోగ్రాము వ్రాయువానికి పెద్ద పని కాదు.

ఆ ఫైళ్ల తాళపుమాట కార్యదర్శివద్దను, నేతకారుల ప్రతినిధి యొకరివద్దను ఉండవలెను. మజూరీ గుమాస్తా వాటిని చదువవచ్చును, అచ్చుతీసి సభ్యులకు చూపవచ్చును. మార్చు అధికారము మాత్రము అతనికి ఉండరాదు. నేను మజూరీ గుమాస్తాగా ఉండియే ఈ మాట వ్రాయుచున్నాను.